పిల్లల కోసం నోరు విప్పినవారిని కాపాడుకోవడం ఎలా: ఫిర్యాదుకు ముందు, ఫిర్యాదు రోజున, ఆ తరువాత

కొన్నేళ్ల కిందట, న్యాయ సేవాధికార సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీరుగా తిరుగుతున్న రోజుల్లో, హనుమకొండ బస్టాండులో ఒక ఆయమ్మ నన్ను అడిగిన ప్రశ్న ఇప్పటికీ చెవిలో వినిపిస్తూనే ఉంది. "నా పేరు యాడా రాయలేదు గద మేడం, మరి నేనే చెప్పిన అని వాళ్లకు ఎట్ల తెలిసింది?" ఆమె ఒక ప్రైవేటు అనాథాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసేది. పక్క తడిపిందన్న కోపంతో ఆరేళ్ల పాపను అర్ధరాత్రి బాత్‌రూములో నిలబెట్టి చన్నీళ్లు కుమ్మరించారని, తెల్లవారేదాకా తడి గౌనుతోనే ఉంచారని, ఆమె తెలిసినవారి చేత ఒక కార్యాలయానికి పేరు లేని ఉత్తరం రాయించింది. తేదీ రాసింది, సమయం రాసింది, పాప ఏ మాట అంటూ ఏడ్చిందో కూడా రాసింది. ఆ రాత్రి ఆ అంతస్తులో ఉన్న ఆయా ఆమె ఒక్కతే. ఉత్తరం చేరిన మూడో రోజున ఆమెను పనిలో నుంచి తీసేశారు. పాప మాత్రం అక్కడే ఉండిపోయింది.

పేరు దాచుకోవడం వేరు, జాడ దాచుకోవడం వేరు అని నాకు ఆ రోజు అర్థమైంది. అంతకంటే ముఖ్యంగా, చెప్పినవారికి రక్షణ ఫిర్యాదు చేసిన తరువాత వెతుక్కునేది కాదు, ఫిర్యాదు రాయడానికి ముందే అమర్చుకోవలసినది అని కూడా అర్థమైంది. బాల సదనాలు, శిశు గృహాలు, ప్రైవేటు ఆశ్రమాలు, సంక్షేమ హాస్టళ్లు, గురుకులాలు, ములుగు, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఉన్న ఆశ్రమ పాఠశాలలు, ఇలా పిల్లలు ఇంటికి దూరంగా ఉండే ఏ చోటనైనా పనిచేసే ఆయాలు, వంటవారు, వాచ్‌మన్లు, ఏఎన్ఎంలు, టీచర్లు, వార్డెన్ల కోసం, వారి వెనుక నిలబడదలచిన కుటుంబ సభ్యులు, మిత్రుల కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఇలా లోపలి నుంచి నిజం చెప్పినవారిని పత్రికలు ప్రజావేగులు అంటాయి. సంస్థలో మాత్రం వారికి దక్కే మాట "తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవారు" అన్నదే. ఆ నిందకు సిద్ధపడి వచ్చేవారిని ఒంటరిగా పంపకూడదన్నదే నా ఉద్దేశం.

చట్టంలో నీడ ఎక్కడుంది, ఎక్కడ లేదు

ముందుగా చేదు నిజం చెప్పుకోవాలి. ప్రజావేగుల రక్షణ చట్టానికి పార్లమెంటు ఆమోదం, రాష్ట్రపతి సంతకం 2014లోనే లభించినా, అది అమలులోకి రాలేదు. 2003లో బిహార్‌లోని గయలో, రహదారి పనుల్లో అవినీతిని బయటపెట్టిన ఇంజనీరు సత్యేంద్ర దూబే హత్యకు గురైన తరువాత, 2004లో కేంద్ర ప్రభుత్వం ఒక తీర్మానం ద్వారా కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు రహస్య ఫిర్యాదులు తీసుకునే బాధ్యత అప్పగించింది. అయితే అది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, కేంద్ర సంస్థలకు సంబంధించిన ఏర్పాటు. వరంగల్‌లోని ఒక హాస్టలు గురించిగానీ, హనుమకొండలోని ఒక స్వచ్ఛంద సంస్థ ఆశ్రమం గురించిగానీ ఆ దారిలో వెళ్లలేము. కాబట్టి ఒకే గొడుగు కోసం వెతకకుండా, వేర్వేరు చట్టాల్లో ఉన్న రక్షణలను ఏరి కుట్టుకోవాలి.

వాటిలో అన్నిటికంటే గట్టిది 2012 నాటి పోక్సో చట్టం. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం ఉన్నా పోలీసులకు చెప్పాలని సెక్షన్ 19 అంటుంది. సద్భావంతో సమాచారం ఇచ్చిన వ్యక్తి మీద సివిల్ బాధ్యతగానీ క్రిమినల్ బాధ్యతగానీ ఉండదని అదే సెక్షన్ ఏడో ఉపవిభాగం స్పష్టంగా చెబుతుంది. తెలిసి కూడా చెప్పకపోతే సెక్షన్ 21 కింద 6 నెలల వరకు జైలు, సంస్థ బాధ్యుడు తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచితే ఏడాది వరకు జైలు పడవచ్చు. మన ఆసిఫాబాద్‌కు సరిహద్దున ఉన్న చంద్రపూర్ జిల్లా రాజురాలో గిరిజన బాలికల హాస్టలు విషయంలో, పిల్లలకు వైద్యం చేసిన డాక్టరు తెలిసి కూడా పోలీసులకు చెప్పలేదన్న కేసును హైకోర్టు కొట్టివేస్తే, 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి, నేరం తెలిసి చెప్పకపోవడం తీవ్రమైన నేరమని పేర్కొంది. "నీకెందుకమ్మా ఈ గొడవ" అని ఎవరైనా అంటే, చెప్పకపోతే తాను కూడా ముద్దాయి అవుతానని ఆయమ్మ సమాధానం చెప్పగలగాలి.

రుజువు కాకపోతే తమ మీదే కేసు పెడతారన్న భయం నేను కలిసిన ప్రతి ఒక్కరిలోనూ కనిపించింది. పోక్సో సెక్షన్ 22 శిక్షించేది, అవతలివారిని అవమానించాలని, బెదిరించాలని, డబ్బు గుంజాలని, పరువు తీయాలని తెలిసి తెలిసి అబద్ధం చెప్పినవారిని మాత్రమే. కళ్లతో చూసినదాన్ని, పిల్ల నోటి నుంచి విన్నదాన్ని ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి, ఆ కేసు కోర్టులో నిలబడకపోయినా, ఆ సెక్షన్ పరిధిలోకి రారు. పరువు నష్టం దావా వేస్తామన్న బెదిరింపుకు కూడా బలం తక్కువే. చట్టబద్ధమైన అధికారం ఉన్నవారికి సద్భావంతో చేసిన ఫిర్యాదును, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 మినహాయించింది. అయితే ఆ మినహాయింపు అధికారికి రాసిన ఫిర్యాదుకే వర్తిస్తుంది, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పిన మెసేజీకి వర్తించదు.

మొదటి అడుగు: ఈ రాత్రి ప్రమాదమా, కాదా?

పిల్లకు ఈ పూటే హాని జరిగే పరిస్థితి ఉంటే కింద రాసిన జాగ్రత్తలన్నీ పక్కన పెట్టి 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. మీ పేరు చెప్పకుండానే సమాచారం ఇవ్వవచ్చు. 2023 నుంచి 1098 సేవను ప్రభుత్వమే మహిళా శిశు సంక్షేమ శాఖ ద్వారా 112తో అనుసంధానించి నడుపుతోంది. సంస్థ ల్యాండ్‌లైను నుంచి, సంస్థ ఇచ్చిన సిమ్ నుంచి, గేటు దగ్గర వాచ్‌మన్ వినేలా ఫోన్ చేయకండి. గాయమైన పిల్లను వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకువెళ్లే అవకాశం మీ చేతిలో ఉంటే, ఎలా తగిలిందో డాక్టరుకు నిజం చెప్పి రాయించండి. "మెట్ల మీద జారింది" అని ఒక్కసారి ఓపీ చీటీ మీద పడితే, ఆ మాటను తుడిచేయడం తరువాత ఎవరి వల్లా కాదు.

రెండో అడుగు: రాసిపెట్టుకోవడం

పని పోయిన ఆ ఆయమ్మ దగ్గర నిజానికి ఒక మంచి ఆధారం ఉంది. అది పాల లెక్క పుస్తకం. ఎన్ని లీటర్లు వచ్చాయో రాసే గీతల పక్కన, తనకు మాత్రమే అర్థమయ్యేలా చిన్న చిన్న గుర్తులు పెట్టుకుంది. ఏ రోజు ఏ పిల్లకు అన్నం పెట్టలేదో, ఏ రోజు ఎవరి చెంప వాచిందో ఆ గుర్తులే చెప్పేవి. ఆ పుస్తకం సంస్థది కావడంతో, తీసేసిన రోజున అది లోపలే ఉండిపోయింది. అందుకే రాసుకునే పుస్తకం మీ సొంతది కావాలి, అది సంస్థ గేటు లోపల ఉండకూడదు. ఇంటికి వెళ్లాక ఆ రోజు చూసింది ఆ రోజే రాయండి. తేదీ, వేళ, ఎవరు ఉన్నారు, ఏం చూశారు, ఏం విన్నారు అన్నవి చాలు. మీరు చూసినది ఒక వరుసలోనూ, ఇతరులు మీకు చెప్పినది మరో వరుసలోనూ ఉంచండి. ఆ రెండూ కలిసిపోతే అవతలి వకీలు మొదట పట్టుకునేది అక్కడే.

పిల్ల చెప్పిన మాటను పిల్ల మాటల్లోనే రాయాలి. "సార్ నన్ను గోడ కుర్చీ వేయించి అన్నం తినే దాకా లేవనియ్యలే" అని పిల్ల అంటే అలాగే రాయండి, "శారీరక హింసకు గురిచేశారు" అని మార్చకండి. ఒకసారి విన్నాక మళ్లీ మళ్లీ అడగకూడదు. నాలుగైదుసార్లు అడిగితే పిల్ల నలిగిపోతుంది, మాట మారుతుంది, "ఆయా నేర్పించింది" అన్న ఆరోపణకు మీరే దారి తెరిచినవారవుతారు.

రిజిస్టర్లు, హాజరు పుస్తకాలు, మందుల చీటీలు బయటికి తేవద్దు. దొంగతనం కేసు పెట్టడానికి సంస్థకు అంతకంటే సులువైన సాకు దొరకదు. ఏ రిజిస్టరులో, ఏ తేదీ పేజీలో, ఏమి దిద్దారో, లేదా ఏ పేజీ చింపారో రాసుకుంటే, విచారణ అధికారి నేరుగా ఆ పేజీ దగ్గరికే వెళ్లగలరు. సీసీ కెమెరా ఉంటే అది ఏ మూలను చూస్తుందో, పాత రికార్డింగు ఎన్నాళ్లకు చెరిగిపోతుందో తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. చాలాచోట్ల కొద్ది వారాలకే అది చెరిగిపోతుంది కాబట్టి, ఫిర్యాదులో దానిని వెంటనే స్వాధీనం చేసుకోవాలని కోరాలి.

ఫోటోల విషయంలో ఒక కఠినమైన హద్దు ఉంది. పిల్లల శరీరం మీది అంతరంగిక భాగాలను ఎంత మంచి ఉద్దేశంతోనైనా ఫోన్‌లో తీయకూడదు, దాచకూడదు, పంపకూడదు. అది చట్టం ముందు మిమ్మల్నే దోషిని చేయగలదు. చేతి మీది వాత, వాచిన చెంప లాంటి వాటి ఫోటో ఉంటే దానిని దిద్దకుండా, కత్తిరించకుండా, తీసిన ఫోన్‌లోనే ఉంచండి. ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి కాబట్టి, ఆ ఫోన్‌ను అమ్మవద్దు, రీసెట్ చేయవద్దు. పిల్లల పేరు, ముఖం, బడి, ఊరు బయటపెట్టడం బాల న్యాయ చట్టం సెక్షన్ 74 కింద నేరం. 6 నెలల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. న్యాయం కోసం తొందరపడి విలేకరికి ఫోటో పంపి కేసులో చిక్కుకున్నవారు ఉన్నారు, దయచేసి ఆ పొరపాటు చేయకండి.

మూడో అడుగు: మీ ఒళ్లు మీరు కాపాడుకోవడం

ఫిర్యాదు చేరగానే సంస్థ వెతికేది పిల్ల గాయాన్ని కాదు, మీ లోపాన్ని. బియ్యం బస్తా ఒకటి తక్కువైంది, దుప్పట్లు పోయాయి, రాత్రి డ్యూటీలో పడుకుంది, పిల్లలను కొట్టింది నిజానికి ఈమే, అన్న కాగితాలు పాత తేదీలతో పుడతాయి. అందువల్ల స్టాకు మీ చేతిలో ఉంటే, ఫిర్యాదుకు ముందే ఏదో ఒక మామూలు కారణంతో లెక్క చూపించి, రిజిస్టరులో మరొకరి సంతకం తీసుకోండి. ఆధార్, సర్టిఫికెట్లు, నియామక పత్రం, పీఎఫ్ చీటీలు, బ్యాంకు పాస్‌బుక్ సంస్థ బీరువాలో ఉంటే తెచ్చుకోండి. జీతం బ్యాంకులో పడినట్టు చూపే పేజీ, డ్యూటీ చార్టు ఫోటో మీ దగ్గర ఉండాలి. తెల్లకాగితం మీద సంతకం ఎప్పుడూ పెట్టవద్దు, గతంలో పెట్టి ఉంటే ఆ విషయాన్ని కూడా మీ పుస్తకంలో తేదీతో రాసుకోండి. సంస్థ ఇచ్చిన గదిలోనే కాపురం ఉంటున్నవారు, కొన్నాళ్లు తలదాచుకునే చోటును ముందే మాట్లాడిపెట్టుకోవాలి. అవుట్‌సోర్సింగ్ వారికి ఈ దెబ్బ ఏజెన్సీ ద్వారా వస్తుంది. "రేపటి నుంచి రావద్దు" అన్న ఫోన్ కాల్ తప్ప కాగితం ఉండదు. ఆ కాల్ వచ్చిన వెంటనే, ఫలానా రోజు ఫలానా సమయంలో నన్ను రావద్దన్నారు అని ఏజెన్సీకి మీరే ఒక మెసేజి పంపి, ఆ తేదీని రికార్డు చేయండి.

ఇంట్లో ఒక్కరికైనా విషయం మొత్తం తెలిసి ఉండాలి. ఒత్తిడి మీ మీదికి నేరుగా రాదు. భర్త పనిచేసే చోటికి, అన్నదమ్ముల దగ్గరికి, ఊరి పెద్దమనిషి ద్వారా "కూసొని మాట్లాడుకుందాం" అంటూ వస్తుంది. ముందే తెలిసిన ఇల్లు తట్టుకున్నంతగా, హఠాత్తుగా విన్న ఇల్లు తట్టుకోలేదు.

ఇదే సమయంలో ఒక వకీలుతో మాట్లాడండి. హనుమకొండ అదాలత్ సెంటర్ దగ్గరి కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. మీరు రాసుకున్న పుస్తకం నకలును ఆ వకీలు దగ్గర ఉంచితే, అది ఎప్పుడు రాసినదన్న వాదన రేపు తలెత్తినా జవాబు ఉంటుంది.

నాలుగో అడుగు: ఎవరికి చెప్పాలి

లైంగిక నేరమైతే పోలీసులకే చెప్పాలి, వేరే ఆలోచన వద్దు. కొట్టడం, ఆకలితో ఉంచడం, పని చేయించడం, మందులు ఇవ్వకపోవడం వంటివైతే జిల్లా బాలల సంక్షేమ కమిటీకి చెప్పాలి. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉండే ఈ కమిటీకి మొదటి తరగతి జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు ఉండే అధికారాలు ఉన్నాయి. పోలీసు కేసు నమోదయ్యే దాకా ఆగకుండా పిల్లను మరో చోటికి మార్చమని అది ఆదేశించగలదు. జిల్లా బాలల పరిరక్షణ అధికారి, అంటే డీసీపీవోకు ఒక ప్రతి ఇవ్వండి. సమస్య కమిటీ పనితీరు మీదే అయితే, 2021 సవరణ తరువాత ఆ ఫిర్యాదు వినవలసినది జిల్లా కలెక్టరు. స్థానికంగా ఎవరి మీదా నమ్మకం లేనప్పుడు రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఉంది.

ప్రజావాణి గురించి ఒక మాట చెప్పాలి. సోమవారం కలెక్టరేటుకు వెళ్లి దరఖాస్తు ఇవ్వడం మనకు అలవాటైన, గౌరవించదగిన దారి. కానీ అక్కడ వరుసలో నిలబడాలి, దరఖాస్తు పది మంది చేతుల మీదుగా కంప్యూటరులోకి ఎక్కుతుంది, ఏ శాఖ మీద చెబుతున్నామో ఆ శాఖవారే ఎదురుగా కూర్చుని ఉంటారు. పిల్లల విషయం అక్కడ చదివించకండి. మూసిన కవరు మీద "వ్యక్తిగతం, రహస్యం, కలెక్టరు గారే తెరవవలసినది" అని రాసి, స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. ఇన్‌వర్డ్ గుమస్తా టేబులు మీద తెరిచిన ఫిర్యాదు, సాయంత్రంలోగా ఫోటోగా మారి సంస్థ యజమాని ఫోన్‌లో ప్రత్యక్షమైన సందర్భం నాకు స్వయంగా తెలుసు.

ములుగు అడవుల్లోని ఆశ్రమ పాఠశాలలో పనిచేసే వ్యక్తి అక్కడి స్టేషనుకే వెళ్లవలసిన పని లేదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించవచ్చు. అందరూ అందరికీ తెలిసిన చిన్న మండలంలో ఇది చాలా పెద్ద వెసులుబాటు. హనుమకొండకు పని మీద వచ్చినట్టు వచ్చి ఫిర్యాదు ఇచ్చి వెళ్లవచ్చు. ఆన్‌లైనులో పంపితే మూడు రోజుల్లోగా సంతకం చేయాలి.

ఐదో అడుగు: జాడ లేకుండా రాయడం

నా దృష్టిలో మొత్తం పనిలో అత్యంత నేర్పు కావలసిన ఘట్టం ఇదే. ఫిర్యాదు రాశాక దానిని సంస్థ యజమాని కళ్లతో ఒకసారి చదవండి. ప్రతి వాక్యం దగ్గర ఆగి, "ఇది ఎంతమందికి తెలిసే అవకాశం ఉంది?" అని అడగండి. ఒక్కరికే తెలిసే వివరం ఉంటే, దానిని పేరు లేని ఫిర్యాదులో నుంచి తీసేసి, తరువాత విచారణ అధికారికి ముఖాముఖి చెప్పడానికి దాచుకోండి. అర్ధరాత్రి 2 గంటలకు చన్నీళ్లు పోశారు అనే బదులు, పక్క తడిపే పిల్లలను శిక్షిస్తున్నారు, రాత్రి వేళ బాత్‌రూము వైపు కెమెరా రికార్డింగు చూడండి, పిల్లలను ఒక్కొక్కరినీ సిబ్బంది లేకుండా మాట్లాడించండి, గత మూడు నెలల జ్వరాల రిజిస్టరు పరిశీలించండి అని రాస్తే, అధికారులు అదే నిజం దగ్గరికి తమంతట తాము చేరుకుంటారు. మీరు లేకపోయినా నిలబడేలా ఉన్న ఫిర్యాదే మిమ్మల్ని కాపాడుతుంది. చేతిరాత, సంస్థలో మీరు మాత్రమే వాడే ఊతపదాలు, డ్యూటీ దిగిన మరుసటి గంటలోనే పోస్టు చేయడం, ఇవి కూడా జాడలే.

దీనికి పెద్ద ఉదాహరణ బిహార్‌లోని ముజఫర్‌పూర్. అక్కడి బాలికల వసతి గృహంలో జరుగుతున్న ఘోరం బయటపడింది లోపలి ఉద్యోగి సంతకంతో కాదు. టాటా సామాజిక శాస్త్రాల సంస్థకు చెందిన బృందం రాష్ట్రమంతటా 100కు పైగా వసతి గృహాల్లో సోషల్ ఆడిట్ చేసి, పిల్లలతో విడిగా కూర్చుని మాట్లాడి, 2018లో నివేదిక ఇవ్వడంతో బయటపడింది. విచారణను సుప్రీంకోర్టు ఢిల్లీకి మార్చింది. 2020లో ప్రధాన నిందితుడికి యావజ్జీవ శిక్ష పడింది. అందుకే పేరు లేని ఫిర్యాదులో "ఫలానావారిని శిక్షించండి" అన్న కోరిక కంటే "తనిఖీ చేయండి" అన్న కోరిక ఎక్కువ పనిచేస్తుంది. బాల న్యాయ చట్టం సెక్షన్ 54 ప్రకారం తనిఖీ కమిటీలు మూడు నెలలకు ఒకసారైనా ప్రతి గృహానికీ వెళ్లాలి. ఆ బృందంలో కనీసం ముగ్గురు, వారిలో ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉండాలి. మామూలు తనిఖీ రూపంలో వచ్చినప్పుడు ఎవరు చెప్పారన్న ప్రశ్నే పుట్టదు. సంస్థకు సెక్షన్ 41 కింద రిజిస్ట్రేషనే లేదని మీకు తెలిస్తే, ఆ ఒక్క వాక్యంతోనే తనిఖీకి దారి తెరుచుకుంటుంది.

ఆరో అడుగు: స్టేషనులో

పేరుతో ఫిర్యాదు ఇవ్వాలని నిర్ణయించుకుంటే ఒంటరిగా వెళ్లవద్దు. పోక్సో ఫిర్యాదుకు నమోదు సంఖ్య ఇవ్వాలి, రాసుకున్నది మీకు చదివి వినిపించాలి, ఆ అధికారి పేరు, హోదా, ఫోన్ నంబరు, పైఅధికారి వివరాలు మీకు చెప్పాలి. 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకీ ప్రత్యేక కోర్టుకూ తెలియజేయాలి. ఇవన్నీ మీ హక్కులు, అధికారి చేసే మేలు కాదు. స్టేషనులో ఫిర్యాదు తీసుకోకపోతే రాతపూర్వకంగా పోస్టులో పోలీసు ఉన్నతాధికారికి, ఇక్కడైతే వరంగల్ కమిషనరేటుకు పంపి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు.

కొట్టడం, హింసించడం విషయంలో ఒక చిక్కుంది. సంస్థ సిబ్బంది పిల్లలను హింసిస్తే బాల న్యాయ చట్టం సెక్షన్ 75 కింద 5 ఏళ్ల వరకు కఠిన జైలు, 5 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. అయితే 2022 సెప్టెంబరు 1 నుంచి అమలైన సవరణ వల్ల, ఆ చట్టంలో మూడు నుంచి ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాలను మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. స్టేషనులో ఈ మాట చెప్పి తిప్పి పంపితే నిరుత్సాహపడకండి. కర్రతో, వాతతో, ఆయుధంతో గాయపరచడం వంటి నేరం ఒక్కటి ఫిర్యాదులో ఉన్నా పోలీసులు మొత్తం దర్యాప్తు చేయవచ్చు కాబట్టి, ఏ వస్తువుతో కొట్టారో తప్పక రాయండి. విచారణకు సహకరించని యాజమాన్యానికి, శారీరక దండన విషయంలో, అదే చట్టం సెక్షన్ 82 కనీసం 3 ఏళ్ల జైలు నిర్దేశిస్తుందన్న సంగతి కూడా మీ వకీలు చేత కమిటీ ముందు గుర్తు చేయించండి.

బాధిత పిల్లలు ఎస్సీ లేదా ఎస్టీ వర్గాలవారై, కేసు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల (అట్రాసిటీల) నిరోధక చట్టం కిందికి వస్తే, ఆ చట్టంలోని సెక్షన్ 15ఏ సమాచారం ఇచ్చినవారికి, సాక్షులకు కూడా రక్షణ కల్పిస్తుంది. బెదిరింపు మీద ఇచ్చిన ఫిర్యాదును నమోదు చేసి ఎఫ్ఐఆర్ నకలును వెంటనే ఉచితంగా ఇవ్వాలి. ఏటూరునాగారం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలోని బడుల్లో పనిచేసేవారికి ఇది తెలిసి ఉండాలి.

ఏడో అడుగు: ప్రతీకారం మొదలైతే

బదిలీ, జీతం నిలిపివేత, మెమో, పిల్లల చేతనే మీ మీద ఉత్తరాలు రాయించడం, ఇవన్నీ వరుసగా రావచ్చు. ప్రతిదానికీ తేదీ వేసి, ఫిర్యాదు తేదీ పక్కన పెట్టండి. ఏడేళ్లు ఒక్క మెమో లేని మనిషికి ఫిర్యాదు తరువాత పదిహేను రోజుల్లో మూడు మెమోలు వస్తే, ఆ వరుసే సాక్ష్యం. మెమోకు కోపంగా కాదు, క్లుప్తంగా, గడువులోగా, రాతపూర్వకంగా జవాబివ్వండి. ప్రభుత్వ సంస్థ అయితే హైకోర్టులో రిట్ వేసే దారి ఉంది. రాజీనామా మాత్రం రాయవద్దు. "నీ మంచికే చెబుతున్నా, నువ్వే రాసిచ్చి పో" అని దగ్గరివారే అంటారు. రాసిస్తే తీసివేత కాస్తా మీ ఇష్టమైపోతుంది.

బెదిరింపు వస్తే అది విడి నేరం. అబద్ధపు సాక్ష్యం చెప్పమని బెదిరించడానికి న్యాయ సంహిత సెక్షన్ 232 కింద 7 ఏళ్ల వరకు జైలు ఉంది. కాల్ వచ్చిన నంబరు, సమయం, మాటలు రాసుకుని అదే రోజు దర్యాప్తు అధికారికి ఇవ్వండి. ఎవరైనా మీ వివరాల కోసం సమాచార హక్కు దరఖాస్తు వేస్తే, రహస్యంగా సమాచారం ఇచ్చిన వ్యక్తిని గుర్తుపట్టేలా చేసే వివరాలను ఇవ్వకుండా ఆపే మినహాయింపు ఆ చట్టం సెక్షన్ 8(1)(జి)లో ఉంది. దాన్ని వాడమని ఆ కార్యాలయ సమాచార అధికారిని ముందుగానే కోరవచ్చు.

భయం ప్రాణం మీదికి వచ్చేంతగా ఉంటే సాక్షుల రక్షణ పథకం ఉంది. 2018 డిసెంబరు 5న మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు దీనిని దేశమంతటికీ వర్తింపజేసింది. ఇప్పుడు నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 398 కూడా ప్రతి రాష్ట్రం ఇలాంటి పథకాన్ని ప్రకటించాలంటోంది. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు చేస్తే, పోలీసులు ప్రమాద అంచనా నివేదిక ఇస్తారు. అత్యవసరమైతే ఈలోగానే మధ్యంతర రక్షణ ఇవ్వవచ్చు. ఇంటి దగ్గర గస్తీ, ఫోన్ నంబరు మార్పు, కోర్టుకు తోడు, నిందితుడికి ఎదురుపడకుండా సాక్ష్యం, గుర్తింపు గోప్యత లాంటివి అడగవచ్చు. ఒకసారికి 3 నెలలకు మించకుండా ఇచ్చి, అవసరాన్ని బట్టి పొడిగిస్తారు. ఇది ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాలకు, మహిళల మీద జరిగే కొన్ని నేరాలకు వర్తిస్తుంది. పిల్లలను కొట్టిన కేసు ఒక్కటే ఉన్న సాక్షికి ఈ తలుపు తెరుచుకోకపోవచ్చు, అందుకే పై బెదిరింపు ఫిర్యాదు విడిగా నమోదు కావడం అంత ముఖ్యం.

సంస్థలు నడిపేవారికి

సద్బుద్ధితో సంస్థ నడిపే వారు ఈ జిల్లాల్లో ఎందరో ఉన్నారు. వారికి నేను చెప్పేది కొంచెమే. ఫిర్యాదు పెట్టె తాళంచెవి వార్డెన్ సొరుగులో ఉంటే అది పెట్టె కాదు, వల. ఆ తాళం బయటి వ్యక్తి దగ్గర ఉండాలి. ఆయాకు వార్డెన్‌ను దాటి నేరుగా చెప్పుకునే ఒక ఫోన్ నంబరు ఇవ్వండి. ఫిర్యాదు చేసిన వ్యక్తి మీద, విచారణ ముగిసేదాకా, మీ బోర్డు రాతపూర్వక తీర్మానం లేకుండా బదిలీగానీ తొలగింపుగానీ ఉండదని నియమావళిలో రాసుకోండి. ఆరోపణ వచ్చిన మనిషిని పిల్లలకు దూరంగా ఉంచండి, చెప్పిన మనిషిని కాదు. ఎక్కువచోట్ల దీనికి తలకిందులుగా జరుగుతుంది, చెప్పిన ఆయాను పంపేస్తే పిల్లలు తెల్లారి లేచి "ఆయమ్మ ఏది?" అని అడిగి, ఎవరూ జవాబు చెప్పకపోయేసరికి, నోరు తెరిస్తే ఏమవుతుందో తామే నేర్చుకుంటారు.

కోర్టు దాకా

పోక్సో కేసులో పిల్ల సాక్ష్యం 30 రోజుల్లో, విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగియాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో ఆలస్యమవుతుంది. ఈలోగా మీకు సమన్లు చేరకపోతే కేసు నీరుగారిపోతుంది. పని పోయి కరీంనగర్‌కో హైదరాబాద్‌కో వెళ్లిపోయిన ఆయాల విషయంలో తరచూ జరిగేది ఇదే. అందుకే ఇల్లు మారినా, సిమ్ మారినా, కొత్త చిరునామాను కవరులో పెట్టి దర్యాప్తు అధికారికీ, పబ్లిక్ ప్రాసిక్యూటరుకూ ఇచ్చి రశీదు తీసుకోండి. సాక్ష్యం రోజుకు ముందు మీ పాత పుస్తకం నకలును వకీలు దగ్గర ఒకసారి చదువుకోండి, గుర్తులేనిది గుర్తులేదనే చెప్పండి. కోర్టు ఇచ్చే ప్రయాణ ఖర్చుల కోసం బస్సు టికెట్టు పారేయకుండా దాచుకోండి.